వంక కట్ట మీద ఇన్సూరెన్సాయన

మొన్న తాడిపత్రి నుంచి వస్తుంటే మా ఊరి వంక కట్ట మీద బస్సు ఆగిపోయింది. ఎవరో సగం రోడ్డు నిండా కొర్ర కంకులు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పెట్టారు. మిగిలిన సగంలోకి ఈ వైపు నుంచి మా బస్సు, ఆ వైపు నుంచి ఒక ట్రాక్టరు దూరి ఎదురెదురుగా నిలబడ్డాయి. కట్ట ఎత్తుగా ఉంటుంది, పక్కకు దిగే దారి లేదు. ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. డ్రైవర్లిద్దరూ కిందికి దిగి, "ముందు నేనొచ్చినా" అని ఒకరంటే "నీకంటే ముందు నేనొచ్చినా" అని ఇంకొకరు గొంతు చించుకుంటున్నారు.

నాకు కోపం తొందరగా వస్తుంది. ముప్ఫై ఏళ్లు పిల్లలకు ఎక్కాలు చెప్పిన ఫలితం అది. బస్సు దిగి, కంకుల ఈ చివర నుంచి మా బస్సు ముక్కు దాకా అడుగులు లెక్కపెట్టాను. తర్వాత ఆ చివర నుంచి ట్రాక్టరు ముక్కు దాకా లెక్కపెట్టాను. మా బస్సు డెబ్బై అడుగులు లోపలికి వచ్చింది, ట్రాక్టరు ఇరవై రెండు. నువ్వే వెనక్కి పోవాలని ట్రాక్టరు అతనికి చెప్పాను.

"నువ్వెవరు పెద్దాయనా, చెప్పేదానికి?" అన్నాడు.

అతను అడిగింది న్యాయమే. ఆ లెక్క నాది కాదు. పందొమ్మిది వందల అరవైల్లో ఇదే కట్ట మీద ఒక మనిషి దగ్గర నేర్చుకున్నది. ట్రాక్టరు సణుక్కుంటూ వెనక్కి పోయింది, బస్సు కదిలింది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక కూడా ఆ మనిషి నన్ను వదల్లేదు.

ఆయన పేరు నాకు తెలుసు, రాయను. ఆయన కూడా తన కాగితాల్లో మనుషుల పేర్లు రాసేవాడు కాదు. నల్ల కారు, బండల లారీ, ఎర్ర బస్సు అని రాసుకునేవాడు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "పేరు రాస్తే కులం తెలుస్తాది. కులం తెలిస్తే తప్పెవరిదో మనోళ్లకు ముందే తెలిసిపోతాది. బండి పేరు రాస్తే ఆ పీడ లేదు" అన్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ని ఇన్సూరెన్సాయన అనేవాళ్లు. నేనూ అలాగే అంటాను.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. భుజాల దగ్గర రంగు వెలిసిపోయిన నల్లకోటు. మా ఎండల్లో కోటు వేసుకున్న మనిషిని చూస్తే మాకే చెమటలు పట్టేవి. బస్సు టాపు మీద సైకిలు వేసుకుని వచ్చేవాడు. దిగగానే సైకిలు దించుకుని, టైర్లు రెండూ నొక్కి చూసి, భుజానికి ఒక తాడు తగిలించుకునేవాడు. తాడుకు గజానికో ముడి. మొదటిసారి ఆ తాడుతో వచ్చినప్పుడు మావాళ్లు భూమి కొలిచే సర్వేయరు అనుకుని వెంటపడ్డారు. "సార్, మా గట్టు జరిపినారు సార్, కొలిచి పోండి సార్" అని ఇద్దరు ముసలివాళ్లు ఆయన్ని చెరో చేయీ పట్టుకుని లాగారు. తాను ఎవరో చెప్పుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. చెప్పిన తర్వాత ఒక్కరూ దగ్గర నిలబడలేదు.

ఇంకో పట్టుదల ఉండేది ఆయనకు. విచారణ పూర్తయ్యేదాకా ఎవరింటా మంచినీళ్లు కూడా తాగడు. తన నీళ్ల సీసా తానే తెచ్చుకునేవాడు. బిందెడు నీళ్ల కోసం రెండు మైళ్లు నడిచే ఊళ్లో, ఇచ్చిన నీళ్లు వద్దంటే ఎంత తప్పో ఆయనకు తెలియక కాదు. మా అమ్మ చెంబు పట్టుకుని నిలబడి, "ఏమప్పా, మా నీళ్లకేం రోగం?" అని నిలదీసింది.

"నీళ్లకు రోగం లేదమ్మా. తాగినంక నాకు మొహమాటం రోగం వస్తాది" అన్నాడు.

ఆయన పనంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగేది. తప్పెవరిదని ఎవరినీ అడిగేవాడు కాదు. ముందు ఎవరు వచ్చినారు, ఎవరు ఆగాల్సింది, అంతే. దానికి ఆయన పద్ధతి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. గుద్దుకున్న చోటికి డ్రైవర్లిద్దరినీ తీసుకుపోయి, ఊళ్లోంచి రెండు చేటలు తెప్పించి, చెరొకటి చేతిలో పెట్టేవాడు. చేటే స్టీరింగు. దాన్ని పట్టుకుని ఆరోజు ఎలా వచ్చారో అలా నడిచి రావాలి. మాటలు వద్దు.

శింగనమల చెరువు కట్ట మీద ఒక పెళ్లికారూ ఒక బస్సూ గుద్దుకున్న సంగతి ఆయనే చెప్పాడు. బస్సు డ్రైవరు నేను అంగుళం కూడా పక్కకు జరగలేదని దేవుడి మీద ప్రమాణం చేశాడట. చేట పట్టుకుని నడుస్తూ నడుస్తూ సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి, తనకు తెలియకుండానే ఒక అడుగు కుడి వైపు వేశాడట. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లుమన్నారట. "నోరు చెప్పని సంగతి కాళ్లు చెప్తాయి అయ్యవారూ. అందుకే నేను ముఖం చూడను, చెప్పులు చూస్తా" అన్నాడు నాతో. ఆ మాటన్నప్పుడు ఆయన నా చెప్పులే చూస్తున్నాడు. నాకు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఎందుకో చెప్పాలి.

అప్పుడు నేను మా ఊరి బళ్లోనే అయ్యవారిని. ఇరవై ఆరేళ్లు. ఆ ఏడు వేరుశనగ పూర్తిగా పోయింది. ఆఖరి వానకు ఉలవ చల్లుకుంటే అదొక్కటే చేతికి వచ్చింది. అప్పటికే గడ్డి లేక ఎద్దుల్ని సంతకు తోలేశాం. తొక్కించడానికి ఎద్దులు లేనప్పుడు రోడ్డే కల్లం, బస్సులూ లారీలే ఎద్దులు. కాయలతో పీకిన ఉలవ కట్టె సగం రోడ్డు మీద మందంగా పరిస్తే టైర్ల కింద నలిగి గింజ రాలేది. ఊరి దగ్గర రోడ్డుకు రెండు వైపులా దిగడానికి కావలసినంత చోటుంది. కానీ అక్కడ గాలి లేదు. తూర్పారబట్టాలంటే గాలి కావాలి. గాలి వంక కట్ట మీద ఉంది. అందుకని ఊరంతా, బండ్లు తప్పుకోవడానికి చోటే లేని కట్ట మీదికి ఉలవ మోసుకుపోయేది. ఇప్పుడు చెబితే మతి లేని పనిలా ఉంటుంది. పొట్టు ఎగరక, గింజ ఇంటికి చేరక కూర్చున్నవాడికి అలా అనిపించదు.

బస్సులూ లారీలూ ఉలవ మీదికే ఎక్కి పోయేవి. చిన్న కార్లు మాత్రం ఎక్కేవి కావు. కట్టె కింద చుట్టుకుని నిప్పు రాజుకుంటుందని భయం. అవి ఖాళీగా ఉన్న సగంలోంచి పోయేవి. ఆ దారిలో తిరిగే డ్రైవర్లందరికీ ఒక కట్టుబాటు ఉండేది. ఉలవ పక్కనున్న ఖాళీలోకి ముందు ఎవరు దూరితే, వాళ్లు బయటపడేదాకా ఎదుటి బండి ఆ చివర ఆగాలి. ఏ పుస్తకంలోనూ లేకపోయినా అందరూ పాటించేవాళ్లు.

ఆరోజు మధ్యాహ్నం ఒక నల్ల అద్దె కారు యాడికి అనే ఊరి వైపు నుంచి తాడిపత్రికి పోతోంది. అందులో డ్రైవరు ఒక్కడే. ఉలవ తన ఎడమ పక్కన ఉంది కాబట్టి కుడి పక్క ఖాళీలోంచి వచ్చాడు. తాడిపత్రి వైపు నుంచి నాపబండల లారీ వచ్చింది. నిండు బరువు, ఆపితే మళ్లీ ఎత్తుకోవడం కష్టమనుకున్నాడో ఏమో, లారీ డ్రైవరు చివర ఆగలేదు. గుద్దేశాడు. నేను బళ్లో ఉన్నాను. అమ్మ కట్ట మీద పంగల కర్రతో ఉలవ తిరగేస్తోంది. కారు డ్రైవరును బయటికి లాగిందీ, నోట్లో నీళ్లు పోసిందీ, తన చీర చెంగు చించి తలకు కట్టిందీ అమ్మే. వెనక వచ్చిన బస్సులో పడుకోబెట్టి పంపారు. మూడో రోజు అనంతపురం ఆసుపత్రిలో చనిపోయాడు.

బస్సు అటు పోగానే మావాళ్లకు భయం పట్టుకుంది. రోడ్డుకు అడ్డం పెట్టినందుకు కేసు పెడతారని ఎవరో అన్నారు. అంతే, పోలీసులు వచ్చేలోపల ఉలవంతా గంపలకెత్తి, పొరకలతో కట్ట మొత్తం ఊడ్చేశారు. మా ఇంటి వాకిలి కూడా అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు. లారీ ఇంజను నుంచి కారిన నూనె మరక ఒక్కటి మాత్రం ఎంత రుద్దినా పోలేదు.

సాయంత్రం హెడ్ కానిస్టేబులు వచ్చాడు. వాంగ్మూలం రాసింది నేను. "సంఘటన జరిగిన సమయమున రోడ్డుపై ఎట్టి అడ్డంకియు లేదు." ఇంత చక్కటి గ్రాంథికంలో, గుండ్రటి అక్షరాలతో రాసి, పదకొండు మంది చేత వేలిముద్రలు వేయించాను. అప్పట్లో నా దస్తూరీ చూసి నాకే ముచ్చటేసేది.

ఆ ఒక్క వాక్యం చేసిన పని ఇది. ఉలవ లేదు అంటే, నల్ల కారు ఏ కారణమూ లేకుండా తప్పు వైపు వచ్చినట్టు. లారీ తన ఎడమ వైపు తాను సవ్యంగా వచ్చినట్టు. లారీ డ్రైవరూ అదే మాట పట్టుకున్నాడు. కారు డ్రైవరు భార్య నష్టపరిహారం కోసం అనంతపురంలో కేసు వేసింది. అది ఇవ్వాల్సింది లారీకి ఇన్సూరెన్సు చేసిన కంపెనీ. తప్పు వైపు వచ్చి చచ్చినవాడికి మేమెందుకు ఇస్తామంది కంపెనీ. ఆ సంగతి ఖాయం చేసుకు రమ్మని కంపెనీ పంపిన మనిషే మా ఇన్సూరెన్సాయన. ఆయన మా వేలిముద్రల కాగితం నకలు పట్టుకుని వెనక్కి పోతే సరిపోయేది. కంపెనీ సంతోషించేది, మేమూ సంతోషించేవాళ్లం.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు వంగి వంగి నడిచాడు. ప్రమాదానికీ ఆయన రాకకూ మధ్యలో ఒక తుంపర వాన పడింది, తారు అంచున మట్టిలో అక్కడక్కడ ఆకుపచ్చగా ఏవో లేచాయి. మేకలు తిన్నవి పోగా మిగిలినవి. ఒకటి పీకి తెచ్చి అరచేతిలో పెట్టుకుని మా అందరికీ చూపించాడు.

"రోడ్డు మీద ఏమీ లేకుంటే, తారు పక్కన ఉలవ యాల మొలిచిండాదప్పా?"

చివరికి రెండు ఇళ్లవాళ్లు ముందుకు వచ్చి, "మాదే సార్, మా రెండిండ్లదే" అన్నారు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పరిచిందీ చూపించారు. ఆయన తాడు పరిచి కొలిచాడు. ముప్ఫై గజాలు. యాడికి వైపు చివర నుంచి నూనె మరక దాకా పద్నాలుగు గజాలు. తాడిపత్రి వైపు చివర నుంచి పదహారు. అంటే రెండు బండ్లూ ఇంచుమించు ఒకేసారి దూరినట్టు. ఎవరు ఆగాల్సిందీ తేలదు. తేలకపోతే కంపెనీదే గెలుపు.

వాళ్లు అబద్ధం చెప్పారు. ఉన్నది మూడు ఇళ్ల ఉలవ. మూడోది మాది. వాళ్ల ముప్ఫై గజాలకు యాడికి వైపున, ఆనుకునే, ఇంకో అరవై గజాలు మా ఉలవ ఉంది. అయ్యవారి ఉద్యోగం పోతుంది, నా పేరు ఎత్తొద్దని ఊరంతా ఒక్క మాట అనుకుంది. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఎవరినీ వద్దనలేదు. వాళ్ల పిల్లలకు నేను చదువు చెబుతున్నాను కదా, అది నా మీద ప్రేమ. ఆ ప్రేమ నాకు ఆరోజు చాలా హాయిగా ఉంది.

ఇన్సూరెన్సాయన తాడు చుట్టుకుంటూ, "పద్నాలుగు, పదహారు. దేవుడే టేపు పట్టుకుని గుద్దించినట్టు ఉండాది" అని గొణుక్కుని బస్సెక్కాడు. హమ్మయ్య అనుకున్నాం.

వారం తిరక్కుండా కారు డ్రైవరు భార్య వచ్చింది. ఒక్కతే వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ఒకటే అడిగింది. "మీరెవరన్నా చూసినారామ్మా? ఆయన అట్ల తప్పు పక్కకు పోయే మనిషి కాదు. పదేండ్లు బండి తోలినాడు." అందరూ ఆమెను కూర్చోబెట్టారు, కన్నీళ్లు పెట్టుకున్నారు. మా అమ్మ పండగకు దాచుకున్న బియ్యం వండి పెట్టింది. ఆమె నాలుగు ముద్దలు తిని, చేయి కడుక్కుని, "మా ఆయన నోట్లో నీళ్లు పోసింది నువ్వేనంట గదమ్మా" అని అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. అన్నం పెట్టాం, ఏడ్చాం, బస్సు దాకా వెళ్లి ఎక్కించాం. చెప్పాల్సిన మాట ఒక్కటి తప్ప అన్నీ చేశాం. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది, నా మీద నాకే.

ఇన్సూరెన్సాయన మళ్లీ వచ్చాడు. ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. నేరుగా మా ఇంటికి వచ్చి అమ్మను పిలిచాడు.

"అమ్మా, ఆ డ్రైవరును బయటికి లాగింది నువ్వంట గదా. శబ్దం వినపడినప్పుడు యాడ ఉంటివి? చెప్పొద్దు, చూపించు. పంగల కర్ర పట్టుకుని రా."

అమ్మకు లెక్కలు తెలియవు. అబద్ధం చెప్పాలని అనుకున్నా, నడకను ఎలా దాచాలో తెలియదు. కర్ర భుజాన పెట్టుకుని కట్ట ఎక్కింది. యాడికి వైపు నుంచి వెళ్లి, ఆ రెండు ఇళ్లవాళ్లు చూపించిన చోటుకు ఎంతో ముందే ఆగి, కర్ర దించి, ఉలవ తిరగేస్తున్నట్టు వంగింది. "ఈడ ఉంటి నాయనా. కారు నా పక్కనుంచే పాయ. నా కొంగు గాలికి ఎగిరె. ఆమీట శబ్దం వచ్చె. పరిగెత్తినా" అంది. అంటూనే నా వైపు చూసింది. చేతిలోని కర్ర జారింది. ఉలవే లేని చోట తాను ఏం తిరగేస్తోందో అప్పుడు తట్టింది ఆమెకు.

ఇన్సూరెన్సాయన తాడు తీయలేదు, కాగితం తీయలేదు. కర్ర తీసి అమ్మ చేతికి ఇచ్చి, "పోయి పని చూసుకో అమ్మా" అన్నాడు. తర్వాత నాతో అన్నాడు.

"పదకొండు మంది వేలిముద్రలకు పైన ఉండేది నీ దస్తూరీ. దాన్ని మీ అమ్మ నోటితో కొట్టేయడం నాకిష్టం లేదు. నువ్వే కొట్టెయ్యాల."

"నాకు బడికి టైమయింది సార్" అన్నాను. అంతకంటే గొప్ప జవాబు దొరకలేదు.

"పో. సాయంత్రం బస్సుకు పోతా. అంతదాకా ఈడనే ఉంటా. నువ్వు రాకుంటే వచ్చే వారం వస్తా."

బడి కిటికీలోంచి కట్ట కనిపిస్తుంది. మోరీ గోడ మీద గొడుగు వేసుకుని కూర్చున్నాడు. ఆ వారం నేను వెళ్లలేదు. సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోయాడు. మరుసటి వారం అదే రోజు, అదే గోడ, అదే గొడుగు. నన్ను పిలవలేదు, కబురు పెట్టలేదు. ఊళ్లో ఎవరితోనూ మాట్లాడలేదు. నేను పదమూడో ఎక్కం చెప్పిస్తూ కిటికీ వైపు చూస్తూ తప్పు చెప్పాను. పిల్లలు నా తప్పే తిరిగి చెప్పారు. మూడో వారం కూడా వచ్చాడు. కోటు వీపంతా చెమటతో తడిసి ఎండి ఉప్పు పేరుకుని తెల్లగా కనపడుతోంది. ఆయన కంపెనీ ఇందుకోసం ఆయన్ని పంపలేదని నాకు తెలుసు. ఆయనకు ఈ కేసులో గెలిచేదీ లేదు. అయినా మంకుపట్టు పట్టి కూర్చున్నాడు. మధ్యాహ్నం గంట కొట్టించి, పిల్లల్ని పంపేసి కట్ట మీదికి వెళ్లాను.

"ఉద్యోగం పోతాది సార్."

"పోవచ్చు" అన్నాడు.

పోదులే అంటాడని ఎదురుచూశాను. అనలేదు.

"మీ కంపెనీకే నష్టం గదా సార్ ఇది. మీకెందుకు?"

"నాకు గజాలు కావాల. ఉలవ యాడ మొదలైంది, యాడ అయిపోయింది. అది తెలియకుండా నేను రిపోర్టు రాస్తే, అది రిపోర్టు కాదు, నువ్వు రాసినట్లాంటిదే ఇంకొకటి."

కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఆయన భుజం మీది తాడు కొస లాక్కుని, గబగబా నడిచి, మా ఉలవ మొదలైన చోట మడమతో తొక్కి నిలబడ్డాను. "ఈడ సార్! ఈడ మొదలు! రాసుకోండి!" అని అరిచాను. ఆయన నిదానంగా ముడులు లెక్కపెట్టుకుంటూ మరక దాకా పోయాడు. డెబ్బై నాలుగు. అటు చివర నుంచి మరక దాకా అవే పదహారు. నల్ల కారు ఆ దారంతా దాటి బయటపడబోతుండగా లారీ లోపలికి దూరింది.

"నా రిపోర్టు కంపెనీ బీరువాలో పడుకుంటాది" అన్నాడు తాడు చుట్టుకుంటూ. "నువ్వు కోర్టులో నిలబడి చెప్తే పడుకోదు. ఆ కారు డ్రైవరు భార్య వకీలుకు నేను చెప్పకూడదు. నువ్వు చెప్పుకోవచ్చు."

ఆరోజు మా ఇంటికి వచ్చి, అమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లూ గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

ఆమె వకీలుకు నేనే ఉత్తరం రాశాను. కోర్టులో కంపెనీ వకీలు నా పాత కాగితం చూపించి, "ఇది మీ చేతిరాతేనా?" అన్నాడు. నాదే అన్నాను. "ఇది అబద్ధమా?" అబద్ధమే అన్నాను. "బడి పంతులు అయివుండి అబద్ధం రాశారా?" రాశాను అన్నాను. ఇన్సూరెన్సాయన్ను కూడా పిలిచారు. రెండూ ఒకేసారే దూరినా, కారు చాలా వేగంగా వచ్చి ఉండొచ్చు కదా, అందుకే ఎక్కువ దూరం వచ్చిందేమో అని ఆయన కంపెనీ వకీలే ఆయన్ని అడిగాడు.

"రావచ్చు సార్. అప్పుడు లారీ ఎద్దులబండి మాదిరి వచ్చిండాల. అంత మెల్లగా వచ్చేవానికి ఆగేదానికేం అడ్డమొచ్చె సార్?" అన్నాడు.

జడ్జిగారు తల వంచుకుని రాసుకున్నారు. కేసు ఆమెకు అనుకూలంగా తేలింది. ఆ కంపెనీ ఇన్సూరెన్సాయనకు మళ్లీ పని ఇవ్వలేదని తర్వాత విన్నాను. నన్ను గోరంట్ల వైపు ఒక ఊరికి బదిలీ చేశారు. ఉద్యోగం పోలేదు. పోతుందేమోనన్న భయానికే నేను అంత పని చేశాను.

తీర్పు చెప్పిన రోజు మేమిద్దరం కోర్టు మెట్ల దగ్గర ఉన్నాం. ఆమె బయటికి వచ్చి నేరుగా నా ముందు నిలబడింది. దండం పెడుతుందని, ఏడుస్తుందని అనుకున్నాను. ఏమనాలో రెండు మాటలు సిద్ధం చేసుకుని కూడా పెట్టుకున్నాను.

"అన్నా, అయితే మా ఆయన తప్పు పక్కకు పోలేదు గదా?" అంది.

"లేదమ్మా. ఆగాల్సింది లారీ. ఆయన తప్పు ఏమీ లేదు."

"ఈ మాట నీకు ఆ పొద్దే తెలుసు గదా?"

తెలుసు అన్నాను.

"మీ ఇంట్లో నేను అన్నం తిన్న పొద్దు కూడా తెలుసు."

"తెలుసమ్మా."

"మా అత్త పోయిన నెల పోయిందన్నా. కొడుకు చేజేతులా తప్పు చేసి చచ్చినాడని ఊరంతా అంటాంటే, అదే నిజమనుకుని ఏడ్చి ఏడ్చి పోయింది. ఈ మాట వినకుండానే పోయింది." ఆమె గొంతు పెంచలేదు. కొంగు సర్దుకుని బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయింది.

మెట్టు మీద కూలబడ్డాను. ఇన్సూరెన్సాయన ఒక్క ఓదార్పు మాట చెబుతాడేమోనని ఆయన ముఖం వైపు చూశాను. చివరికి చెప్పావు కదా అంటాడని, ఆలస్యమైనా మంచిపనే అంటాడని. ఆయన సైకిలు టైరు నొక్కి చూసుకుని, స్టాండు తీసి, నా వైపు తిరిగాడు.

"విన్నావు గదా, లెయ్. ఆఖరు బస్సుకు టైమయింది. రేపు నీకు బడి ఉండాది" అన్నాడు.